పల్లె యువతకు తోడుండే కార్యకర్తలకు ఏ శిక్షణ మేలు? విశాఖ పరిసరాల నుంచి ఒక పోలిక

శిక్షణ ముగిసిన మూడు నెలలకు మాడుగుల వైపు ఒక ఊరికి వెళ్లాను. ఊరి యువతకు తోడుండే కార్యకర్తగా మేము శిక్షణ ఇప్పించిన అమ్మాయి ఇంట్లో కూర్చుని మజ్జిగ తాగుతూ తలెత్తితే, అటక మీద గుండ్రంగా చుట్టిపెట్టిన చార్టులు కనిపించాయి. విశాఖలో నాలుగు రోజుల శిక్షణ చివర ఆమె చేతికి ఇచ్చినవే. చుట్టూ వేసిన రబ్బరు బ్యాండు కూడా తీయలేదు. "ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడావా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఊరుకుని, "ఎవరి దగ్గర మొదలుపెట్టాలో తెలియలేదు మేడం" అంది. ఆ అమ్మాయి తెలివైనది, పట్టుదల ఉన్నది. లోపమంతా మాదే. నాలుగు రోజుల్లో నలభై సంగతులు చెప్పాం, ఐదో రోజు పొద్దున్న లేచి ఏం చేయాలో చెప్పకుండా బస్సెక్కించాం.

అప్పటి నుంచి ఏ శిక్షణ గురించి విన్నా నేను చూసేది ఆ ఐదో రోజే. ఊళ్లో పదిమంది యువతీ యువకులను కార్యకర్తలుగా తయారు చేయాలనుకునే చిన్న సంస్థలు, ట్రస్టులు, కళాశాలల జాతీయ సేవా పథకం అధికారులు, ఊరి మేలు కోరి సొంత డబ్బు పెట్టే పెద్దలు తరచూ నన్ను ఒకటే అడుగుతుంటారు: యూనివర్సిటీ చదువు మంచిదా, నగరంలో కార్యశాల మంచిదా, ప్రభుత్వ వాలంటీర్ల దారి మంచిదా, ఊళ్లోనే ఉంటూ నేర్పేది మంచిదా అని. నా సమాధానం అందరికీ ఒకటి కాదు. మీ దగ్గర ఏముంది, మీరు ఏ ఊళ్లకు వెళ్తున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది.

ముందు ఎవరి కోసమో తేల్చుకోండి

2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడైంది. నర్సీపట్నం, చోడవరం, యలమంచిలి అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు, అరకు, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. విశాఖ జిల్లాకు భీమిలి, ఆనందపురం, పద్మనాభం వంటి కొద్ది గ్రామీణ మండలాలే మిగిలాయి. అయినా పెద్దాసుపత్రికి, పెద్ద చదువుకు, ఉద్యోగపు ఇంటర్వ్యూకు ఈ మూడు జిల్లాల పిల్లలూ వచ్చి దిగేది విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులోనే. అందుకే ఇక్కడి సంస్థలు మూడింటినీ కలిపే చూస్తాయి. శిక్షణ విషయంలో మాత్రం మన్యం, మైదానం, తీరం అన్న మూడు రకాల పల్లెలను కలిపి చూడడం పెద్ద పొరపాటు.

మన్యంలో మొదట ఎదురయ్యేది భాష. పెదబయలు, ముంచింగిపుట్టు, డుంబ్రిగూడ వైపు చాలా ఇళ్లలో కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడతారు. విశాఖ నుంచి వెళ్లిన శిక్షకుడు గ్రాంథికపు వాసన ఉన్న తెలుగులో "జీవన నైపుణ్యాలు", "ఆత్మవిశ్వాసం" అని చెబుతుంటే పిల్లలు మర్యాదగా తలూపుతారు. ఆ తలూపును అర్థమైందనుకుని మేము చాలా ఏళ్లు మోసపోయాం. మైదానంలో చెరకు, జీడితోటలున్న ఊళ్లలో భాష సమస్య లేదు. అక్కడ ఇంటర్ తప్పి ఇంట్లో ఉండిపోయిన అబ్బాయిలు, చివరి బస్సు సాయంత్రమే వెళ్లిపోతుందని చదువు మాన్పించిన అమ్మాయిలు, అచ్యుతాపురం, పరవాడ పరిశ్రమల్లో కాంట్రాక్టు పనికి రాత్రి షిఫ్టులు చేసి పగలంతా నిద్రపోయే పిల్లలు కనిపిస్తారు. తీరంలో పూడిమడక, ముత్యాలమ్మపాలెం వంటి మత్స్యకార గ్రామాల్లో అబ్బాయి పదో తరగతి దాటకుండానే వేటకు వెళ్లడం మామూలు. వాళ్లను పగటిపూట సమావేశానికి పిలిస్తే ఎవరూ రారు, ఎందుకంటే అప్పటికి వాళ్ల రోజు పూర్తయిపోయి ఉంటుంది.

2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ల వారిని యువత అంటుంది. పదిహేనేళ్ల అమ్మాయికి కావలసిన తోడు వేరు, ఇరవై ఎనిమిదేళ్ల ఇద్దరు పిల్లల తండ్రికి కావలసినది వేరు. శిక్షణ ఇచ్చే సంస్థను మొదటి రోజే అడగండి: మీ పాఠాలు ఏ వయసు వారిని మనసులో పెట్టుకుని రాశారు? "అందరికీ" అంటే ఇంకొకరిని వెతుక్కోండి.

నగరంలో మూడు నాలుగు రోజుల కార్యశాల

ఎక్కువమంది మొదట ఎంచుకునేది ఇదే, ఎందుకో కూడా అర్థం చేసుకోగలను. హాలు దొరుకుతుంది, శిక్షకులు దొరుకుతారు, ఫొటోలు వస్తాయి, దాతకు నివేదిక రాయడం తేలిక. మన్యం నుంచి వచ్చిన అమ్మాయికి నగరంలో తనలాంటి పదిహేనుమందితో నాలుగు రాత్రులు గడపడం, తన ఊరి కష్టం తన ఒక్కదానిదే కాదని తెలియడం చిన్న విషయం కాదు. కొందరి జీవితంలో అదే మలుపు. ఆ స్నేహాలు ఏళ్ల తరబడి నిలవడం నేను చూశాను.

కానీ పాడేరు నుంచి విశాఖకు నూటపది కిలోమీటర్ల దాకా ఉంటుంది, అందులో ఘాట్ రోడ్డు ఒకటి. మారుమూల గూడెం నుంచి అయితే పాడేరు దాకా రావడానికే సగం పూట పోతుంది. మొదటి రోజు మధ్యాహ్నం వాళ్లు నిద్రలో తూగుతారు, చివరి రోజు మధ్యాహ్నం నుంచి బస్సు టైము గురించి ఆలోచిస్తారు. నాలుగు రోజుల కార్యశాలలో గట్టిగా మిగిలేది రెండున్నర రోజులే. ఆ రెండున్నర రోజుల్లో ఒక మనిషి కష్టాన్ని వినడం నేర్పలేం. వినడం గురించి ఉపన్యాసం మాత్రం చెప్పగలం.

కార్యశాలే మీకు ఉన్న దారి అయితే దాన్ని ఒకే విషయానికి కుదించండి. పదో తరగతి, ఇంటర్ తప్పినవారిని తిరిగి చదువులోకి తేవడం అనుకోండి. సప్లిమెంటరీ పరీక్షలు ఎలా, ఓపెన్ స్కూలులో పదో తరగతి, ఇంటర్ ఎలా చదవవచ్చు, ఐటీఐకి ఏ కాగితాలు కావాలి, కుల, ఆదాయ ధ్రువపత్రాలకు గ్రామ సచివాలయంలో ఎలా దరఖాస్తు చేయాలి. ఇంతే. ఒక్కొక్కరు చేతిలో ఒక దరఖాస్తు నింపి చూడాలి, తమ ఊళ్లో ముందుగా కలవబోయే ముగ్గురి పేర్లు రాసుకుని బస్సెక్కాలి. ఆ ముగ్గురి పేర్లు లేకుండా ఎవరినీ పంపకండి.

ఎంఎస్‌డబ్ల్యూ చదువు

ఆంధ్రా యూనివర్సిటీలో సామాజిక సేవ విభాగం ఉంది. ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో మాస్టర్స్ డిగ్రీ) రెండేళ్ల చదువు. తరగతులతో పాటు క్షేత్రస్థాయి పని తప్పనిసరి. ఉద్యోగం మానలేని వారికి ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. ఏ డిగ్రీ ఉన్నా దూరవిద్యలో ఎంఎస్‌డబ్ల్యూ చేయవచ్చు, అందులోనూ క్షేత్రపని చేసి చూపించాలి. యువత అభివృద్ధి మీదే ప్రత్యేకంగా చదవాలంటే తమిళనాడులోని శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ జాతీయ యువజన అభివృద్ధి సంస్థ ఉంది. 1993లో స్థాపించారు, 2012 నాటి చట్టంతో జాతీయ ప్రాధాన్యం గల సంస్థ అయింది.

ఈ దారిని నేను తక్కువ చేయను. వ్యక్తితో పనిచేయడం, బృందంతో పనిచేయడం, సమాజంతో పనిచేయడం అన్న మూడు పద్ధతులను వరుసగా, ఎవరో ఒకరు తప్పులు దిద్దుతుండగా నేర్పేది అక్కడే. ఆత్మహత్య ఆలోచనలు, హింస, మత్తు వంటి విషయాల్లో అరకొర జ్ఞానం ప్రాణాల మీదికి తెస్తుంది. అలాంటప్పుడు చదువుకున్న మనిషి పక్కన ఉండాలి. ఇబ్బంది ఎక్కడంటే, ఊళ్లో పనిచేయాలనుకునే ఇంటర్ చదివిన అమ్మాయికి ఈ తలుపు మూసే ఉంటుంది. డిగ్రీ అయి ఎంఎస్‌డబ్ల్యూ చేసిన చాలామంది ఆ తరవాత పల్లెలో ఉండరు, వాళ్లకు నగరంలో మంచి జీతం వస్తుంది. అది వాళ్ల తప్పు కాదు, కుటుంబాలు ఉంటాయి.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. కార్యకర్తలందరినీ ఎంఎస్‌డబ్ల్యూ చేయించాలని చూడకండి. ఆ కార్యకర్తలకు అండగా నిలబడే ఒక్కరిని ఎంఎస్‌డబ్ల్యూ చదివినవారిలోంచి తీసుకోండి. ఆ ఒక్కరి జీతం మీ బడ్జెట్‌లో అన్నిటికన్నా పెద్ద ఖర్చు అవుతుంది. అవ్వాలి కూడా. దాతలు ఆ గీత దగ్గరే వేలు పెట్టి "ఇది తగ్గించండి" అంటారు. హాలు అద్దె తగ్గించండి, బ్యానర్లు మానేయండి, దీన్ని మాత్రం తగ్గించకండి.

ప్రభుత్వ వాలంటీర్ల దారి, ఫోనులో పాఠాలు

కేంద్ర ప్రభుత్వపు నెహ్రూ యువ కేంద్రాలు 1972లో మొదలయ్యాయి. పల్లెల్లో యువజన సంఘాలకు క్రీడా సామగ్రి అందిందన్నా, రక్తదాన శిబిరాలు జరిగాయన్నా వాటి చెయ్యి ఉంది. జాతీయ యువ వాలంటీర్ల పథకంలో పదో తరగతి పాసైన 18–29 ఏళ్ల వారు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో, గరిష్ఠంగా రెండేళ్లు పనిచేస్తూ వచ్చారు. 2023 అక్టోబరు 31న మేరా యువ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ యువజన వేదిక మొదలైంది, నమోదు ఇప్పుడు ఆ పోర్టల్ ద్వారానే. అధికారుల దగ్గరికి భయం లేకుండా వెళ్లడం, పదిమందిని కూడగట్టడం, ఒక కార్యక్రమం నడపడం అలవాటు కావడానికి ఇది మంచి బడి. మాకు దొరికిన మంచి కార్యకర్తల్లో కొందరు అక్కడి నుంచి వచ్చినవారే. అయితే కార్యక్రమం నడపడం వేరు, కార్యక్రమానికి రాని పిల్లవాడి ఇంటికి వెళ్లడం వేరు. అట్టడుగున ఉన్న పిల్లలు ఏ కార్యక్రమానికీ రారు. ఈ దారిలో వచ్చినవారికి ఆ రెండోది విడిగా నేర్పాలి.

ఇంకో చిన్న మాట. మన రాష్ట్రంలో "వాలంటీరు" అనగానే ఊళ్లో పింఛను, రేషను గుర్తుకొస్తాయి. మీ కార్యకర్తను ఆ పేరుతో పరిచయం చేస్తే పొద్దున్నే వృద్ధులు కాగితాలు పట్టుకుని వస్తారు. "యువజన కార్యకర్త" అనండి, లేదా ఊరివాళ్లే పిలిచే "అక్క" చాలు.

ఫోనులో పాఠాల గురించి ఎక్కువ చెప్పను. స్వయం వంటి ఆన్‌లైన్ చదువు వేదికల మీద మంచి పాఠాలున్నాయి, చాలావరకు ఉచితం. చట్టాలు, పథకాలు గుర్తుంచుకోవడానికి పనికొస్తాయి. సిగ్నల్ కోసం కొండెక్కే ఊళ్లకు అవి అసలు శిక్షణ కాలేవు. పైగా తెర మీద ఎవరూ మీ ముఖం చూసి "నువ్వు మధ్యలో మాట్లాడావు" అని చెప్పరు.

ఊళ్లో ఉంటూ నేర్చుకునే ఆరు నెలలు

నా మనసు మొగ్గేది దీనివైపే. పద్ధతి ఇది: మొదట ఐదు రోజులు కలిసి ఉండి నేర్చుకోవడం, అది విశాఖలో కాకుండా నర్సీపట్నంలోనో చోడవరంలోనో పాడేరులోనో. తరవాత ఊళ్లోకి. వారానికి ఒకసారి పర్యవేక్షకురాలు ఫోను చేసి ముప్పావు గంట మాట్లాడుతుంది. నెలకు రెండు రోజులు అందరూ మళ్లీ కలుస్తారు. పర్యవేక్షకురాలు నెలకొకసారైనా ప్రతి కార్యకర్త ఊరికి వెళ్లి, వెంట నడిచి, ఆమె మాట్లాడుతుంటే పక్కన మౌనంగా కూర్చుంటుంది. ఒక పర్యవేక్షకురాలికి ఎనిమిదిమందికి మించి కార్యకర్తలుంటే ఇది నడవదు, మేము పన్నెండుమందితో ప్రయత్నించి చేతులు కాల్చుకున్నాం.

మొదటి ఐదు రోజుల్లో మేము చేయించే ఒక అభ్యాసం చెబుతాను. ముగ్గురు కూర్చుంటారు. ఒకరు కార్యకర్త, ఒకరు చదువు మానేసిన అబ్బాయి, మూడోవారి చేతిలో ఫోను, అందులో స్టాప్‌వాచ్. కార్యకర్త మాట్లాడినంతసేపు గడియారం నడుస్తుంది, అబ్బాయి మాట్లాడితే ఆగుతుంది. ఐదు నిమిషాలు. మొదటిసారి దాదాపు ప్రతి ఒక్కరికీ నాలుగు నిమిషాలకు పైనే వస్తుంది. చదువు విలువ, అమ్మానాన్నల కష్టం, ఎదురింటి అబ్బాయి ఉద్యోగం అన్నీ చెప్పేస్తారు. అవతలి అబ్బాయి చెప్పేది "ఊఁ", "లేదు", "చూస్తాను". ఆ అంకె చూసి వాళ్ల ముఖం మారుతుంది. నేను దాని మీద ఒక్క మాట కూడా చెప్పనవసరం లేదు.

రెండోసారి ఒకటే నియమం. "ఎందుకు" అన్న మాట వాడకూడదు. "ఎందుకు మానేశావు?" అన్నది పోలీసు అడిగే ప్రశ్నలా వినిపిస్తుంది, పిల్లవాడు సాకు వెతుక్కుంటాడు. రోజు ఎలా గడుస్తోందో అడగమంటాం. రోలుగుంట వైపు ఊళ్లో మా కార్యకర్త ఒకామె ఒక అబ్బాయితో మాట్లాడుతుంటే నేను పక్కన ఉన్నాను. జీడితోట గట్టు మీద కూర్చున్నాం.

"పొద్దున్న ఎన్నింటికి లేస్తున్నావు తమ్ముడూ?"

"నాలుగింటికక్కా. మోటారు వేయాలి."

"తరవాత?"

"తరవాత ఏముంది. వచ్చి పడుకుంటాను."

ఆమె ఏమీ అనలేదు. ఎండుటాకు ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది. నిమిషం పైనే గడిచి ఉంటుంది. నాకే మాట్లాడాలని నోరు పీకుతోంది. ఆ అబ్బాయి రోడ్డు వైపు చూస్తూ, "ఎనిమిదింటి బస్సు వచ్చేటప్పుడు మెలకువగా ఉండకూడదనక్కా" అన్నాడు. ఆ బస్సులో తన తరగతివాళ్లు కాలేజీకి వెళ్తారు. ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో తప్పాడు, ఆ సంగతి నాన్నకు చెప్పలేదు. ఫీజు కట్టలేక మాన్పించామని నాన్న, తనవల్లే అని కొడుకు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరినొకరు తప్పించుకు తిరుగుతున్నారు. సప్లిమెంటరీకి ఫీజు కట్టే గడువు ఇంకా ఉంది. ఆ నిమిషం మౌనం లేకపోతే ఆ గడువు దాటిపోయేది.

ఇది నాలుగు రోజుల్లో వచ్చిన విద్య కాదు. ఆ కార్యకర్త అంతకుముందు మూడు నెలలు ప్రతి శుక్రవారం ఫోనులో "ఇవాళ కూడా నేనే ఎక్కువ మాట్లాడాను" అని చెబుతూ వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండడమే ఆమెకు దొరికిన శిక్షణ.

ఈ పద్ధతికి లోటుపాట్లు ఉన్నాయి. నెమ్మది. ఆరు నెలల దాకా చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. కార్యకర్త పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోతే పని అక్కడితో ఆగుతుంది. ఊరి మనిషే కార్యకర్త అయితే ఊరి గొడవలు, కులం, బంధుత్వాలు ఆమెకూ ఉంటాయి. ఒక వాడ పిల్లలు ఇంకో వాడ కార్యకర్త ఇంటికి రారు. దీనికి మందు ఒకటే అనుకుంటాను: ఒక ఊరికి ఒకరు కాకుండా రెండు ఊళ్లకు ఇద్దరు, వేర్వేరు వాడల నుంచి. ఇద్దరిలో ఒకరైనా అమ్మాయి కావాలి. ఇద్దరూ ఉంటే చీకటి పడ్డాక ఒంటరిగా తిరిగి రావలసిన అవసరం కూడా తప్పుతుంది. బస్సు చార్జీలు, ఫోను రీఛార్జి, ఎంతో కొంత నెలసరి వేతనం ఇవ్వండి. పేదింటి అమ్మాయిని సేవ పేరుతో ఉచితంగా తిప్పడం న్యాయం కాదు.

ఏ దారి ఎంచుకున్నా తప్పని పాఠాలు

శిక్షణ ఏదైనా కావచ్చు, రహస్యం గురించి పాఠం లేకపోతే దాన్ని ఒప్పుకోకండి. పదహారేళ్ల అమ్మాయి "ఎవరికీ చెప్పనంటేనే చెబుతాను" అంటుంది. మంచి మనసున్న కొత్త కార్యకర్త వెంటనే "ఒట్టు, చెప్పను" అనేస్తుంది. తరవాత ఆ అమ్మాయి చెప్పేది లైంగిక వేధింపు అయితే? 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం శిక్షార్హం. ఒట్టు వేసిన కార్యకర్త ఇప్పుడు అయితే మాట తప్పాలి, లేదా చట్టం తప్పాలి. రెండింటిలో ఏది చేసినా నలిగిపోయేది ఆ పిల్లే. అందుకే ఒట్టుకు ముందే చెప్పే మాట నేర్పాలి: "నువ్వు చెప్పేది ఊళ్లో ఎవరికీ చెప్పను. కానీ నీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేయగలిగినవారికి చెప్పాలి. అలా చెప్పే ముందు నీకు చెప్పే చెబుతాను." ఈ మూడు వాక్యాలను మా దగ్గర ప్రతి ఒక్కరూ నోటితో పలికి పలికి, తడబాటు పోయేదాకా సాధన చేస్తారు. కువి మాట్లాడేవారు కువిలో చేస్తారు. పిల్లలకు 1098, మనసు బాగాలేనివారికి టెలీ మానస్ 14416, స్త్రీలకు 181. ఈ నంబర్లు గోడ మీద కాదు, కార్యకర్త ఫోనులో ఉండాలి. శిక్షణలోనే ఒకసారి చేసి చూసి ఉండాలి.

మన్యం సరిహద్దు ఊళ్లలో గంజాయి గురించి మాట్లాడని శిక్షణ సగం శిక్షణే. సంచి మోసిపెడితే డబ్బిస్తామని పిలిచేవాళ్లుంటారు, పిల్లలకు అందులో ఎంత ప్రమాదం ఉందో తెలియదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల కఠిన కారాగారం. ఆ "20 కిలోలు, పదేళ్లు" అన్న రెండు అంకెలు సంతలో టీ తాగుతూ చెప్పగలిగేంత తేలికగా కార్యకర్త నోట ఉండాలి. అంతవరకే. ఎవరు పండిస్తున్నారు, ఎవరు కొంటున్నారు అని ఆరా తీయడం కార్యకర్త పని కాదని అంతే గట్టిగా నేర్పాలి, ఆమె ప్రాణం ముఖ్యం.

పెళ్లి వయసు అమ్మాయికి 18, అబ్బాయికి 21 అని అందరికీ తెలుసు. ముహూర్తం పెట్టేశాక ఏం చేయాలో ఎవరికీ తెలియదు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశ, బడి టీచరు, గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసు, వీరిలో ఎవరితో ముందు మాట్లాడాలి అన్నది ఊరిని బట్టి మారుతుంది. శిక్షణలో ఆ ఊరి పటం గీయించి, ఎవరి ఇల్లు ఎక్కడో గుర్తు పెట్టించండి. ఉపాధి పథకాలూ అంతే: గ్రామీణ పేద యువతకు 15–35 ఏళ్ల మధ్య దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, సొంతంగా ఏదైనా పెట్టుకునేవారికి బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు. పథకం పేరు చెప్పి వదిలేయకుండా, పిల్లవాడిని మొదటిసారి వెంటబెట్టుకుని వెళ్లడం కార్యకర్త పనిలో భాగం.

మీ పరిస్థితిని బట్టి

మీకు ఒకే విడత డబ్బు ఉంది, ఏడాది తరవాత ఉంటుందో లేదో తెలియదు అంటే కార్యశాల చేయండి, కానీ ఒకే విషయం మీద, మీ ఊళ్లకు దగ్గరి పట్టణంలో. మిగిలిన డబ్బుతో ఒక మనిషిని మూడు నెలలు ఫోను చేయడానికి పెట్టండి. అంతకన్నా మంచి ఖర్చు నాకు తోచదు.

రెండేళ్ల భరోసా ఉంటే ఊళ్లో ఉంటూ నేర్పే దారికి వెళ్లండి. మొదటి విడతలో ఎనిమిదిమందే చాలు. రెండో విడతకు వాళ్లలో ఇద్దరు శిక్షకులవుతారు, మన్యంలో అయితే వాళ్ల భాషలో.

మీ దగ్గర ఇప్పటికే చురుకైన యువజన సంఘం ఉంటే కొత్తవారిని వెతకకండి. మేరా యువ భారత్‌లో నమోదైనవారినే తీసుకుని వినడం, రహస్యం, ఎవరి దగ్గరికి పంపాలి అన్న మూడు విషయాలు నేర్పండి. మీరు కళాశాల వారైతే, సామాజిక సేవ విద్యార్థుల క్షేత్రపనిని ఈ ఊళ్లకే కేటాయించమని విభాగాన్ని అడగండి. అయితే విద్యార్థి వెళ్లిపోయాక ఊళ్లో పని ఎవరు పట్టుకుంటారో ముందే తేల్చుకోండి. ఏటా కొత్త ముఖం వచ్చి స్నేహం చేసి వెళ్లిపోతే, ఎవరో ఒకరు వదిలేసి వెళ్లడానికి ముందే అలవాటు పడ్డ పిల్లలకు అది ఇంకో దెబ్బ.

శిక్షణ సంస్థతో మాట్లాడేటప్పుడు వాళ్ల పాఠ్యప్రణాళిక కన్నా ముందు నేను అడిగేది, గత ఏడాది శిక్షణ పొందిన ఇద్దరితో మాట్లాడించమని. మాట్లాడించగలిగితే, ఆ ఇద్దరినీ ఒకటే అడగండి: నిన్న ఎవరిని కలిశావు? సమాధానం వెంటనే వస్తే ఆ సంస్థ మంచిదే.

ఇక తేదీలు. మన్యంలో నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ కోత, చైత్రంలో ఆదివాసీల ఇటుకల పండుగ. అప్పుడు పిలిస్తే ఎవరూ రారు, వచ్చినా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. అనకాపల్లి చుట్టూ బెల్లం వండే రోజులు, కొత్త అమావాస్య జాతర తప్పించండి. తీరంలో మాత్రం లెక్క తిరగబడుతుంది: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు పూడిమడక కుర్రాళ్లు ఒడ్డునే ఉంటారు. ఏడాదంతా దొరకని వాళ్లు సాయంత్రం పూట వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, చేతులు పనిలో ఉంటే మాట కూడా తేలికగా వస్తుంది. ఈ ఏడాది తీరం కార్యకర్తల మొదటి ఐదు రోజులను మేము ఏప్రిల్ మూడో వారంలో పెట్టుకున్నాం, హాలులో కాకుండా ఆ వలల పక్కనే.